చిన్న కెమెరాకి ఏ బ్యాగు కొనాలి: గోదావరి రేవుల్లో, లంకల్లో తిరిగేవాళ్లకి నా సలహా

కెమెరా కొత్తగా కొన్నవాళ్లు మా అమలాపురం వైపు ఎవరు కలిసినా ముందు లెన్సుల గురించి అడుగుతారు, నాలుగు నెలలు తిరిగాక అప్పుడు బ్యాగు గురించి అడుగుతారు. నేనైతే బ్యాగు సంగతి ముందే తేల్చుకోమంటాను. మన దగ్గర కింద పడి పాడైన కెమెరాల కన్నా చెమ్మకి పాడైనవే నేను ఎక్కువ చూశాను. గోదావరి పాయలు ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, అవి దాటితే సముద్రం, లోపలికొస్తే కాలవలు, బోదెలు, చెరువులు, కొబ్బరి తోటల కింద ఎండ సరిగ్గా తగలని నేల. ఆకాశంలో మబ్బు లేని రోజున కూడా గాల్లో నీళ్లుంటాయి.

బ్యాగుల గురించి వీడియోలు చేసేవాళ్లు విమానంలో పైన అరలో పడుతుందా, ల్యాప్‌టాప్ పడుతుందా, మెట్రోలో ఎవరైనా జిప్పు లాగేస్తారా అని చూస్తారు. వాళ్ల ఊళ్లకి అదే అవసరం, తప్పేం లేదు. మనం చూడాల్సింది వేరు. రావులపాలెం నుంచి బైకు మీద వానలో ఇంటికొచ్చేసరికి లోపల పొడిగా ఉందా, పంటు (జనాన్ని, బైకుల్ని ఏరు దాటించే పెద్ద పడవ) మీద నిలబడి బ్యాగు కింద పెట్టకుండా కెమెరా తియ్యగలమా, అంతర్వేది ఇసక జిప్పులో పడ్డాక నెల తిరిగినా ఆ జిప్పు నడుస్తుందా, ఇవి. అందుకే నా లెక్కలో మొదట తడి, తరవాత బ్యాగు తెరుచుకునే తీరు, ఆ తరవాత బరువు. జేబులెన్ని ఉన్నాయన్నది అన్నిటికన్నా ఆఖరు.

ఏ బ్యాగూ చూడకముందు మీ సామానంతా కాటా మీద పెట్టి తూకం వెయ్యండి. నా దగ్గరున్నది ఫూజీ ఎక్స్-టీ30 2, బ్యాటరీ, కార్డుతో కలిపి 378 గ్రాములు. దానికి వచ్చిన 15-45 లెన్సు 135 గ్రాములు, 35 ఎఫ్2 లెన్సు 170, పక్షుల కోసం తీసుకున్న 70-300 లెన్సు 580. మొత్తం 1,263 గ్రాములు. రెండు బ్యాటరీలు, చార్జరు, తుడిచే గుడ్డ కలిపినా కిలోన్నర దాటదు. సోనీ జెడ్‌వీ-ఈ10 వాడేవాళ్లయితే ఇంకా తేలిక, బాడీ (లెన్సు లేని కెమెరా) 343, దాంతో వచ్చే 16-50 లెన్సు 116. ఇంత తేలిక సామాను మొయ్యడానికి రెండు కిలోల బ్యాగు కొనేవాళ్లని చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఆ మనిషి చిన్న కెమెరా కొన్నదే బరువు తగ్గుతుందని. బ్యాగు బరువు లోపలి సామాను బరువులో సగం దాటకూడదని నేను పెట్టుకున్న హద్దు. కంపెనీ వాళ్లు బ్యాగు బరువు వివరాల్లో ఎక్కడో అడుగున రాస్తారు, వెతికి చూడండి.

ఇక మీ దగ్గరున్నది లెన్సు మార్చే పని లేని చిన్న కెమెరా అయితే, అంటే రికో జీఆర్ 3 (257 గ్రాములు), సోనీ ఆర్‌ఎక్స్100 ఏడో మోడల్ (302 గ్రాములు), లేదా డీజేఐ ఆస్మో పాకెట్ 3 (179 గ్రాములు) లాంటిది, మీకు కెమెరా బ్యాగే అక్కర్లేదు. మెత్తటి పౌచు ఒకటి, దాన్ని పెట్టడానికి జిప్పు కవరు ఒకటి, మీరు రోజూ వాడే బ్యాగు. ఆ మిగిలిన డబ్బుతో కోరింగ మడ అడవులకో, పాపికొండలకో వెళ్లి రండి.

లీటర్ల సంగతి. ఒక బాడీ, రెండు మూడు చిన్న లెన్సులకి 10 లీటర్లు చాలు. మంచినీళ్ల సీసా, గొడుగు, తువ్వాలు, టిఫిను కూడా పెట్టుకోవాలంటే 15. ఇరవై లీటర్లది కొంటే ఏమవుతుందో చెబుతాను. మొదటి వారం సగం ఖాళీగా ఉంటుంది, తరవాత ఇంట్లోవాళ్లు "ఇది కూడా అందులో పడెయ్యి" అంటారు, ముక్తేశ్వరం రేవుకి వెళ్లేసరికి అందులో రెండు కిలోల బత్తాయిలుంటాయి, కెమెరా వాటి కింద ఉంటుంది. ఇంకోటి, లీటర్లు ఒకటే అయినా ఆకారం వేరుగా ఉంటుంది. పొడుగ్గా సన్నగా ఉన్న బ్యాగులో 70-300 లెన్సు బాడీకి తగిలించి ఉండగా నిలువుగా పడుతుంది, పొట్టిగా వెడల్పుగా ఉన్నదాంట్లో పడదు. కొనే ముందు లెన్సు తగిలించిన కెమెరాని స్కేలుతో కొలిచి, బ్యాగు లోపలి కొలతతో పోల్చుకోండి. వివరాల్లో బయటి కొలతలు పెద్దక్షరాల్లో ఉంటాయి, మనక్కావాల్సింది లోపలివి.

మన ముందున్న దారులు ముఖ్యంగా మూడు. మామూలు చిన్న బ్యాగులో మెత్తలున్న కెమెరా ఇన్సర్టు, అంటే లోపల దింపుకునే అరల పెట్టె, పెట్టుకోవడం ఒకటి, కెమెరా కోసమే తయారైన బ్యాక్‌ప్యాక్ ఒకటి, నోరు చుట్టి మూసే వాటర్‌ప్రూఫ్ రోల్‌టాప్ బ్యాగు ఒకటి. ఒక భుజానికి వేసుకునే స్లింగ్ బ్యాగు కూడా ఉంది, పీక్ డిజైన్ 6 లీటర్ల స్లింగ్ లాంటివి బాగుంటాయి, కాకపోతే బైకు మీద గుంతల్లో వెళ్తుంటే అది పక్కకి జారి పొట్ట కింద ఊగుతుంది, గంట దాటితే ఒక భుజమే లాగేస్తుంది. ఊళ్లో నడిచి తీసేవాళ్లకి సరే, దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

మొదటిది, మామూలు బ్యాగు ప్లస్ ఇన్సర్టు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే, కారణం డబ్బు ఒక్కటే కాదు. డెకాథ్లాన్ క్వెచువా 10 లీటర్ల బ్యాగు లాంటివి వెయ్యి లోపే వస్తాయి, చేతిలో పట్టుకుంటే బరువే తెలీదు. పాడైతే బ్యాగు మార్చుకుంటాం, ఇన్సర్టు మనతోనే ఉంటుంది. చూసేవాళ్లకి అది కాలేజీ కుర్రాడి బ్యాగులా ఉంటుంది తప్ప లోపల లక్ష రూపాయల సామానుందని తెలీదు, రాత్రి బస్సులో కునుకు తీసేటప్పుడు ఆ నిశ్చింత వేరు. బురదైతే ఇన్సర్టు బయటికి తీసి, బ్యాగుని బట్టలతో పాటు ఉతికి ఆరేసుకోవచ్చు. కెమెరా బ్యాగుని అలా ఉతకలేం.

లోటు కూడా ఉంది. పైనుంచే తియ్యాలి. ఇన్సర్టు అడుగున కూర్చుంటుంది, పైన గొడుగు, తువ్వాలు ఉంటే వాటిని తియ్యకుండా కెమెరా అందదు. కింగ్‌ఫిషరు కరెంటు తీగ మీద కూర్చుని మీ కోసం ఆగదు. అలాగే ఈ చిన్న బ్యాగుల పట్టీలు పల్చగా ఉంటాయి, రెండు కిలోలు దాటితే భుజాన గీతలు పడతాయి. కెమెరా తప్ప వేరే ఏదీ బరువైనది పెట్టనివాళ్లకే ఇది.

ఇన్సర్టు కొనేటప్పుడు దాని లోపలి మెత్త ఏమిటో చూడండి, ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే. నా మొదటి కెమెరా బ్యాగు చూడ్డానికి చాలా మెత్తగా, దిండులా ఉండేది. ఆ మెత్తంతా స్పాంజి. ఓ శ్రావణ మాసంలో కపిలేశ్వరపురం వైపు నుంచి వస్తూ తడిశాను. ఇంటికొచ్చి బ్యాగు పైన తుడిచాను, లోపల చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే అనిపించింది, జిప్పు వేసి బీరువాలో పెట్టాను. పెళ్లిళ్లు, ఇంటి పనుల్లో పడి నెల పైన దాన్ని తియ్యలేదు. తీశాక లెన్సు వెనకనుంచి ఫోను టార్చి వేసి చూస్తే, గాజు అంచున సాలెగూడులాంటి తెల్లటి పోగులు, మధ్యకి పాకుతూ కనబడ్డాయి. ఫంగస్. విప్పించి శుభ్రం చేయించాను, పోగులు పోయాయి కానీ గాజు మీది పూతని అది తినేసిన చోట మచ్చ మిగిలిపోయింది, వెలుతురుకి ఎదురుగా తీస్తే ఫొటోలో ఇప్పటికీ తెలుస్తుంది.

ఆ తరవాత ఆ బ్యాగులోంచి ఒక డివైడరు (అరల మధ్య అడ్డుగా పెట్టే మెత్త పలక) పీకి బకెట్టులో ముంచాను, పక్కనే ఇంకో ఇన్సర్టులోని ఈవీఏ ఫోము డివైడరు కూడా ముంచాను. ఈవీఏ దాన్ని తువ్వాలుతో తుడిస్తే పది నిమిషాల్లో ఆరింది, పైనున్న గుడ్డ మాత్రం కాసేపు తడిగా ఉంది. స్పాంజిది పిండితే నీళ్లు కారాయి, ఫ్యాను కింద పెడితే మూడో రోజుకి కూడా బొటనవేలితో నొక్కితే వేలికి చెమ్మ తగిలింది. స్పాంజిలో గదులన్నీ ఒకదానికొకటి తెరిచి ఉంటాయి, నీళ్లు లోపలికి పాకుతాయి. ఈవీఏలో ప్రతి గదీ విడిగా మూసి ఉంటుంది. అరవై, డెబ్భై శాతం పైన తేమ, చీకటి, కదలని గాలి దొరికితే ఫంగస్‌కి ఇంకేం అక్కర్లేదు, తడి స్పాంజి బీరువాలో ఆ మూడూ ఇస్తుంది. షాపులో తేడా ఎలా తెలుస్తుందంటే, డివైడరుని రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి వదలండి. పూర్తిగా చదునై నెమ్మదిగా లేస్తే స్పాంజి. నొక్కితే బిర్రుగా ఎదురు తిరిగి, వెంటనే లేస్తే మూసిన గదుల ఫోము. దిండులా మెత్తగా ఉంది కదా అని మురిసిపోకండి.

రెండోది, కెమెరా కోసమే చేసిన బ్యాక్‌ప్యాక్. ఇందులో అసలు తేడా కంపెనీ పేరులో లేదు, తలుపు ఎటు ఉందన్నదాంట్లో ఉంది. పక్కనుంచి తెరుచుకునేవి కొన్ని, లోవెప్రో ఫాస్ట్‌ప్యాక్, పీక్ డిజైన్ ఎవ్రీడే బ్యాక్‌ప్యాక్ ఆ కోవలోవి. వీపు వైపు నుంచి తెరుచుకునేవి కొన్ని, లోవెప్రో ఫొటో హ్యాచ్‌బ్యాక్ లాంటివి. ముందువైపు మొత్తం పుస్తకంలా తెరుచుకునేవి ఇంకొన్ని.

ముందువైపు తెరుచుకునేవి మన నేలకి పనికిరావు, ఒక్క ముక్కలో తేల్చేస్తాను. తెరవాలంటే వీపుకి ఆనే భాగాన్ని, పట్టీల్ని కింద నేలకి పెట్టాలి. కాలవ గట్టు మీద, చేలో, ఉప్పుటేరు ఒడ్డున ఒక్కసారి పెట్టారంటే ఆ బురదంతా మళ్లీ మీ చొక్కాకే.

వీపు వైపు తెరుచుకునేదాంట్లో బురద అంటేది బయటి వైపుకి, చొక్కా శుభ్రంగా ఉంటుంది. జనంలో ఎవరూ వెనకనుంచి జిప్పు తియ్యలేరు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినవాళ్లకి ఇది ఎంత మేలో తెలుస్తుంది. ఏకాదశ రుద్రుల ప్రభలు (వెదురుతో కట్టి అలంకరించిన దేవుడి పెద్ద చట్రాలు) ఒక్కొక్కటీ భుజాల మీద వస్తుంటే, గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలవ దాటుతుంటే, ఆ తోపులాటలో మన బ్యాగు మన వెనక ఎవరి చేతికి తగులుతోందో చూసుకునే తీరిక ఉండదు. కానీ బ్యాగు మొత్తం దింపితే తప్ప కెమెరా రాదు. అలాంటి చోటికి కెమెరా మెడలోనే వేసుకుని వెళ్తాం కాబట్టి పెద్దగా ఇబ్బంది లేదు, బ్యాగులో రెండో లెన్సు, బ్యాటరీలే ఉంటాయి.

పక్కనుంచి తెరుచుకునేది పంటు మీద తిరిగేవాళ్లకి వరం. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు ఎక్కండి, బైకుల చక్రాల నీళ్లు, చేపల బుట్టల్లోంచి కారిన నీళ్లు, ఇనప రేకంతా తడే. ఒకసారి తెలియక బ్యాగు కింద పెట్టబోతుంటే తాడు పట్టుకున్న ఆయన "అండీ బాబూ, కింద పెట్టకండి, ఉప్పు నీళ్లండి, గుడ్డ పాడైపోద్దండి" అని కేకేశాడు. ఆ మాటలో చాలా అనుభవం ఉంది. పక్క తలుపున్న బ్యాగయితే ఒక పట్టీ భుజాన ఉంచి, ఇంకో పట్టీ వదిలేసి, బ్యాగుని చంక కిందనుంచి ముందుకి తిప్పితే పొట్ట మీదకొస్తుంది, జిప్పు లాగి కెమెరా తీసుకోవచ్చు. పది క్షణాల పని. ఇదే తిప్పు కోరింగలో చెక్క వంతెన మీద కూడా పనికొస్తుంది, అటూ ఇటూ మడ వేర్లు, బురద, వెనక జనం, ఆగి బ్యాగు దించడానికి చోటుండదు.

దీనికున్న ప్రమాదం కూడా ఇదే చోట ఉంది. జిప్పు తీసి ఉంచి మరిచిపోయి మళ్లీ వీపుకి వేసుకుంటే లెన్సు జారి పడుతుంది, నేల మీదైతే దెబ్బ తగులుతుంది, గోదారిలో అయితే ఇక దొరకదు. అందుకని జిప్పు వెనక లోపల ఇంకో అడ్డు గుడ్డ, వెల్క్రోదో బక్కిల్‌దో, ఉన్నదే తీసుకోండి. ఉన్నదాంట్లో కూడా కెమెరా తీసిన చేత్తోనే జిప్పు వేసే అలవాటు చేసుకోండి. పక్క తలుపు ఎడమ వైపు ఉందా కుడి వైపు ఉందా అన్నదీ చూడాలి, కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ వైపు తలుపు హాయి.

ఇప్పుడు రెయిన్ కవరు. లోవెప్రో పేర్ల చివర ఏడబ్ల్యూ అని ఉంటే ఆల్ వెదర్ అని, అంటే కవరు లోపలే మడిచి పెట్టి ఇస్తారు. కవరుంది కదా అని ధైర్యంగా వానలో బైకు తోలకండి. కవరు బ్యాగు బయటి వైపునే కప్పుతుంది, వీపుకి ఆనే వైపు తెరిచే ఉంటుంది. బైకు మీద వాన కాలరు దగ్గర దిగి, వీపు మీదుగా బ్యాగుకీ మనిషికీ మధ్య కాలవలా పారుతుంది. వీపు వైపు తలుపున్న బ్యాగుల్లో జిప్పు సరిగ్గా అక్కడే ఉంటుంది. పైనుంచి దిగిన నీళ్లు కవరు అడుగున కుంటలా నిలిచి, కవరు లోపలే బ్యాగు నానుతుంది. కవరు అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రం ఉందో లేదో చూడండి. అన్నిటికన్నా మంచిది, బ్యాగు వేసుకున్నాక దాని మీదుగా వచ్చేటంత వదులైన రెయిన్‌కోటు తొడుక్కోవడం. గూనిలా కనబడితే కనబడనివ్వండి.

గుడ్డ మీద వాటర్ రెసిస్టెంట్ అని రాస్తే తుంపర ఆపుతుందని అర్థం, అంతకు మించి ఆశ పెట్టుకోకండి. గుడ్డ లోపలి వైపు నీళ్లు ఆపడానికి పూసిన పీయూ (పాలీయురెథేన్) పూత మన చెమ్మకి కొన్నేళ్లలో జిగురెక్కి పొరలుగా రాలుతుంది, పాత గొడుగుల్లో, పాత టెంటుల్లో చూసే ఉంటారు. బీరువాలో మూసి పెట్టిన బ్యాగుకి ఇది ఇంకా త్వరగా వస్తుంది. సెకండ్ హ్యాండ్ బ్యాగు కొంటే లోపలి గుడ్డ మీద అరచెయ్యి ఆనించి తీయండి, అంటుకున్నట్టుంటే వద్దు.

మూడోది రోల్‌టాప్. నోరు కనీసం మూడు మడతలు చుట్టి బక్కిలు పెడితే నీళ్లు రావు, అతుకులు కుట్టకుండా వేడితో అతికించినవైతే ఇంకా నమ్మకం. ఇది రోజూ వాడుకునేది కాదు. చెమట పట్టిన చేత్తో కెమెరా లోపల పెట్టి మూసేస్తే ఆ చెమ్మ కూడా లోపలే ఉండిపోతుంది, ఎండకి బ్యాగు వేడెక్కి సాయంత్రం చల్లబడితే లోపల గాజు మీద మంచులా పడుతుంది, కాబట్టి సిలికా జెల్ పొట్లం లేకుండా మూయకండి. తీయడం పెట్టడం కూడా నిదానం. ఇది ఎవరికంటే, వరదలకి లంకల్లోకి వెళ్లేవాళ్లకి, సముద్రంలోకి పడవెక్కేవాళ్లకి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 కి రెండోది, 17.75 కి మూడోది. మొదటి హెచ్చరిక ఎగరేశారని తెలిసిన రోజు నుంచి నేను రేవు వైపు వెళ్తే రోల్‌టాప్ తప్ప వేరేది ముట్టుకోను, ఎందుకంటే అప్పటికే కొన్ని లంక ఊళ్ల కాజ్‌వేలు మునగడం మొదలై, జనం పడవల మీద తిరుగుతుంటారు. ఇంకో మాట, పడవలో ఏ బ్యాగూ వీపుకి తగిలించుకోకండి. ఒంటి మీద లైఫ్ జాకెట్టు ఒక్కటే ఉండాలి, బ్యాగు కాళ్ల దగ్గర. గాలితో మూసిన రోల్‌టాప్ పొరపాటున నీళ్లలో పడినా తేలుతుంది, వెతికి తెచ్చుకోవచ్చు. మనిషి తేలాలి ముందు.

ఇదంతా చదివి, సరే ఏది కొనమంటావు అంటే. ఆదివారం ఆదివారం ఊళ్లు తిరిగేవాళ్లకి, కాలేజీ పిల్లలకి, కడియం నర్సరీల్లో పూలు, కాలవ గట్ల మీద సాయంత్రాలు తీసుకునేవాళ్లకి 15 లీటర్ల మామూలు బ్యాగు, మూతున్న ఈవీఏ ఇన్సర్టు, పది లీటర్ల పల్చటి డ్రై బ్యాగు (నోరు చుట్టి మూసే, నీళ్లు చొరని సంచి) ఒకటి. ఇన్సర్టుని డ్రై బ్యాగులో దింపి, దాన్ని బ్యాగులో దింపండి. మబ్బుగా ఉంటే డ్రై బ్యాగు నోరు చుట్టేస్తాం, లేకపోతే తెరిచే ఉంచుతాం. రోల్‌టాప్ ఇచ్చే రక్షణలో చాలా భాగం ఇందులోనే వచ్చేస్తుంది, ఖర్చు బాగా తక్కువ. ఫంక్షన్లకి పిలిస్తే వెళ్లి తీసేవాళ్లు, పంటుల మీద, రేవుల్లో జనాన్ని తీసేవాళ్లు పక్క తలుపున్న కెమెరా బ్యాగుకి డబ్బు పెట్టండి, ఆ డబ్బు వృథా పోదు. వీపు తలుపు బ్యాగు నేను తీర్థాలకి, రైలు ప్రయాణాలకి మాత్రమే చెబుతాను, కారులో తిరిగేవాళ్లకి అదే అన్నిటికన్నా హాయిగా ఉంటుంది. ఒకటే కొనగలను, అన్నిటికీ అదే అంటే, మొదటిదే.

కొట్లో చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి చెబుతాను. మా ఊళ్లో బ్యాగులు కుట్టే పెద్దాయన దగ్గరికి తెగిన పట్టీ పట్టుకెళ్తే నాకు నేర్పింది ఇది. "బాబాయ్, గట్టి దారం వెయ్యి" అంటే ఆయన నవ్వి, "దారం గట్టిదేనండి బాబూ, కుట్టు ఒక్క వరసేశాడండి, ఒక్క వరస ఎంత గట్టి దారమైనా తెగిపోద్దండి" అని, పట్టీ మొదట్లో నలుచదరంగా కుట్టి, దాని లోపల మూల నుంచి మూలకి రెండు అడ్డగీతలు వేసి చూపించాడు. అప్పటినుంచి ఏ బ్యాగు ముట్టుకున్నా ముందు పట్టీ మొదలు తిప్పి చూస్తాను. నలుచదరం, మధ్యలో ఇంటూ గుర్తు ఉంటే మంచి పని. పట్టీ లోపలికి పోయి గుడ్డ మధ్య ఒక్క గీత కుట్టుతో ఆగితే, అది ఎంత ఖరీదైన బ్యాగైనా పక్కన పెట్టేయండి.

జిప్పుకి ఇనప పళ్లు వద్దు, ఉప్పు గాలికి తుప్పు పడతాయి. ప్లాస్టిక్ పళ్లది గానీ, నైలాను చుట్టది గానీ తీసుకోండి, వైకేకే అని జిప్పుల కంపెనీ పేరు రాసున్నది దొరికితే మేలు. జిప్పుని మూలల దగ్గర ఒంటి చేత్తో లాగి చూడండి, రెండో చెయ్యి పట్టుకోకుండా మూల తిరిగితేనే రేపు పంటు మీద పనికొస్తుంది. అంతర్వేది, ఓడలరేవు ఒడ్డుకి వెళ్లొచ్చిన సాయంత్రం తడి గుడ్డతో జిప్పు తుడిచి, పాత టూత్ బ్రష్షుతో పళ్ల మధ్య ఇసక దులిపితే చాలు.

రెండు లీటరు నీళ్ల సీసాలు లోపల పెట్టుకుని పావుగంట కొట్టు చుట్టూ తిరగండి, ఖాళీ బ్యాగు ఎవరి భుజానికైనా తేలిగ్గానే ఉంటుంది. రంగు నలుపు మానేస్తే మంచిది, రోహిణి కార్తె ఎండలో నల్లటి బ్యాగులో బ్యాటరీలు వేడెక్కుతాయి, పైగా చీకటి పడ్డాక బురద ఎక్కడంటిందో తెలీదు. బూడిద రంగు, ఖాకీ రంగు నాకు నచ్చుతాయి. లోపలి గుడ్డ మాత్రం లేత రంగుదై ఉండాలి. నల్లటి లోపలి గుడ్డలో నల్లటి లెన్సు మూత పడితే పొద్దు వాలాక దొరకదు.

కొన్నాక చేయాల్సింది ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఇంటికి రాగానే కెమెరా బ్యాగులోంచి బయటికి రావాలి. బ్యాగు ప్రయాణానికే, కెమెరా నిద్రపోవడానికి కాదు. రబ్బరు అంచున్న గట్టి మూత ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు పెట్టి 40, 50 శాతం మధ్య ఉంచుకుంటే మన వానాకాలం కూడా గడిచిపోతుంది. నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకి మారితే పని అయిపోయినట్టు, వేడి చేసి నీలం తిరిగి వచ్చాక మళ్లీ వాడుకోవచ్చు. బియ్యంలో పెట్టమనే సలహా వినకండి, బియ్యం పొడి బటన్లలోకి పోతుంది. బ్యాగు జిప్పులన్నీ తెరిచి, డివైడర్లు పీకి, ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచండి. ఏసీ కారులోంచి దిగి వెంటనే కెమెరా బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది, అరగంట బ్యాగులోనే మూసి ఉంచి, అది బయటి వేడికి వచ్చాక తీయండి. ఆటపాక పక్షుల్ని చూడ్డానికి తెల్లారకుండా కైకలూరు వైపు కారులో వెళ్లేవాళ్లయితే చివరి పది కిలోమీటర్లు ఏసీ ఆపి, అద్దాలు దించి వెళ్లండి, గూడబాతులు చెరువులో దిగేసరికి మీ లెన్సు తేటగా ఉంటుంది.